కూలిన కోటను మళ్ళీ కట్టాలా, కూలినట్టే నిలబెట్టాలా?

2016లో స్పెయిన్ నుంచి వచ్చిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి ప్రపంచమంతా పంచుకున్నారు. మొదటిదాంట్లో కొండ కొమ్మున ఒక రాతి బురుజు, చాలా వరకు విరిగిపోయి ఉంది. రెండోదాంట్లో అదే బురుజు. కాకపోతే రాళ్ళు పోయిన చోటల్లా నున్నటి తెల్లగోడ లేచింది. అంచులన్నీ కత్తితో కోసినట్టున్నాయి. పాత రాళ్ళు ఆ తెలుపు మీద అతికించిన ముక్కల్లా కనిపిస్తున్నాయి. చూసినవాళ్ళలో చాలామంది నవ్వారు, కొందరికి ఒళ్ళు మండింది. స్పెయిన్‌లో పాత కట్టడాల కోసం పనిచేసే హిస్పానియా నోస్ట్రా సంస్థ గట్టిగా తప్పుపట్టింది. అదే ఏడాది ఆ పనికి ఆర్కిటైజర్ ఏ ప్లస్ అనే అంతర్జాతీయ వాస్తు అవార్డు వచ్చింది.

ఆ బురుజు మత్రేరా కోటలోది. దక్షిణ స్పెయిన్‌లోని కాదిస్ ప్రాంతంలో, విల్యామార్తిన్ ఊరి దగ్గర ఉంది. తొమ్మిదో శతాబ్దంలో ముస్లిం పాలనలో మొదలై, తర్వాత క్రైస్తవ రాజ్యానికీ గ్రనడా రాజ్యానికీ మధ్య సరిహద్దు కోటగా చేతులు మారింది. 2013లో వానలకు బురుజులో పెద్ద భాగం కూలింది. మిగిలింది కూడా పోకుండా ఆపడానికి మొదలుపెట్టిన పనే ఆ తెల్లగోడలు. చేసినవాళ్ళు "చట్టం చెప్పినట్టే చేశాం" అన్నారు. ఆ మాట నిజమే. చట్టం చెప్పినట్టు చేస్తే అలా ఎందుకు వచ్చిందో తెలియాలంటే గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఒకే గోడ, నాలుగు దారులు

"పాత కోటను బాగు చేస్తున్నారు" అనే వార్త వెనక నాలుగు వేర్వేరు పనుల్లో ఏదైనా ఉండొచ్చు. ఆ నాలుగింటినీ కలగాపులగం చేయడం వల్లే సగం గొడవ.

ఉదాహరణకి కొండ అంచున ఇరవై మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల ఎత్తున్న ప్రాకారం ఉందనుకోండి. మధ్యలో ఆరు మీటర్ల మేర కూలి ఖాళీ పడింది. ఆ రాళ్ళలో కొన్ని వాలు కింద పడి ఉన్నాయి, ఎక్కువ భాగం ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు.

ఖాళీ జోలికి పోకుండా, దానికి అటూ ఇటూ విరిగిన అంచులు ఇంకా రాలకుండా చూడడం మొదటి దారి. వదులైన రాళ్ళను సున్నంతో మళ్ళీ కూర్చాలి, రాళ్ళ మధ్య సందులు, అంటే దర్జులు, నింపాలి, పైనుంచి నీళ్ళు దిగకుండా చూడాలి. దీన్ని పరిరక్షణ అంటారు. పని అయ్యాక తీసిన ఫొటోకీ ముందు తీసిన ఫొటోకీ తేడా తెలియకపోతే ఆ మేస్త్రీ పని బాగా చేసినట్టు లెక్క.

రెండో దారి, కింద పడిన రాళ్ళలో ఏది ఎక్కడిదో తేల్చి వాటినే పైకెత్తి యథాస్థానంలో పెట్టడం. దీనికి అనాస్టైలోసిస్ అని గ్రీకు మూలమున్న పేరుంది. చెక్కిన కమాను రాళ్ళకు ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే ఒక్కో రాయి కొలత ఒక్క చోటికే సరిపోతుంది. ముక్కరాళ్ళతో లేపిన మామూలు గోడకు దాదాపు కుదరదు.

మూడోది పునరుద్ధరణ. పాత చిత్రాలు, ఖర్చుల లెక్కలు, తవ్వకాల్లో తేలిన పునాదులు చూసి కట్టడానికి ఒకప్పటి రూపం తేవడం. తర్వాతి కాలాల్లో చేరినవాటిని తీసేయడం కూడా ఒక్కోసారి ఇందులో భాగమవుతుంది. ఇక నాలుగోది పునర్నిర్మాణం: కొత్త రాయి తెచ్చి ఖాళీ పూడ్చి, పైన బురుజూ కప్పూ కట్టేయడం.

కాగితం మీద ఈ హద్దులు స్పష్టంగానే ఉంటాయి. కొండ మీదికి వెళ్ళేసరికి కలిసిపోతాయి. మన ఊహాగోడలో కుడివైపు అంచు బయటికి వాలిందనుకోండి. అది రెండు మీటర్ల మందం గోడైతే, ఒక్క మీటరు పొడవు ముక్కే ముప్ఫై టన్నుల పైన ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఆ ఖాళీలో ఏదో ఒక ఊతం కట్టక తప్పదు. ఆ ఊతం కొత్త గోడే. అది పరిరక్షణా, పునర్నిర్మాణమా? మత్రేరాలో ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే.

కోర్ఫ్ కోట: కూల్చడం కూడా చరిత్రే

శిథిలం అనగానే కాలం మెల్లగా తినేసిన కట్టడం అనుకుంటాం. చాలా కోటల విషయంలో అది నిజం కాదు. ఎవరో ఒకరు ఒక తేదీన ఆర్డర్ ఇచ్చి కూల్పించారు.

ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో కోర్ఫ్ అనే ఊరుంది. సుద్దరాతి గుట్టల వరుసలో ఒక చోట తెగి, ఆ సందు మధ్య విడిగా ఒక గుట్ట నిలబడి ఉంటుంది. ఆ దారిన పోయేవాళ్ళు దాని కింద నుంచే పోవాలి. కోట కట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం హయాంలో ఇక్కడ కోట మొదలైంది. పన్నెండో శతాబ్దం మొదట్లో, ఒకటో హెన్రీ కాలంలో, నడి కొమ్మున పెద్ద రాతి భవంతి లేచింది. ఆ ప్రాంతంలోనే దొరికే లేత రంగు పర్బెక్ సున్నపురాయితో కట్టారు. పదమూడో శతాబ్దంలో జాన్ రాజు దాన్ని ఇంకా పెంచాడు. అయిదు వందల ఏళ్ళు రాజుల చేతిలో ఉండి, 1572లో ఒకటో ఎలిజబెత్ అమ్మేస్తే ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది. 1635లో బ్యాంక్స్ కుటుంబం కొనుక్కుంది.

ఆ తర్వాత పదేళ్ళలోనే రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చింది. ఇంటి యజమాని రాజు దగ్గర ఉంటే, ఆయన భార్య మేరీ బ్యాంక్స్ 1643లో కొద్దిమంది మనుషులతో కోటను కాపాడుకుంది. రెండో ముట్టడి ముగిసింది మాత్రం 1646లో, లోపలివాడే చేసిన ద్రోహంతో. సాయానికి వచ్చిన బలగమని నమ్మించి శత్రువులను లోపలికి రానిచ్చాడు. ఆ కోట తాళంచెవులు ఇప్పటికీ ఆ కుటుంబం తర్వాత కట్టుకున్న కింగ్‌స్టన్ లేసీ భవనంలో వేలాడుతుంటాయి.

కోట చేతికి రాగానే పార్లమెంటు దాన్ని పనికిరాకుండా చేయమని తీర్మానించింది. గోడల కింద గోతులు తవ్వి, తుపాకిమందు కూరి పేల్చారు. ఇప్పుడు అక్కడికి వెళ్ళినవాళ్ళు చూసేది ఆ పేలుడు ఫలితాన్నే. లోపలి ద్వారం బురుజుల్లో ఒకటి నిలువునా చీలి, ఒక సగం కొన్ని అడుగులు కిందికి జారి, పడిపోకుండా నిటారుగానే ఆగింది. కమాను రెండు కొసలూ ఒకదానికొకటి అందవు. రాళ్ళలో మంచివన్నీ ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. కోర్ఫ్ ఊళ్ళో ఇళ్ళ గోడలను చూస్తే కోట రాళ్ళు పోల్చుకోవచ్చు.

ఇప్పుడు ఆ జారిన సగాన్ని పైకి జరిపి కమాను కలిపేస్తే ఎలా ఉంటుంది? పదమూడో శతాబ్దపు ద్వారం తిరిగి వస్తుంది, 1646 మాత్రం చెరిగిపోతుంది. ఒక దేశం తన రాజు మీద తిరగబడిన కాలాన్ని అంత కళ్ళకు కట్టినట్టు చూపే రాయి ఇంకొకటి ఉండదు. కోర్ఫ్‌ను 1980ల మొదట్లో ఆ కుటుంబం పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చింది. ఆ సంస్థ దాన్ని తిరిగి కట్టడం లేదు. ఆ వాలిన గోడలను వాలినట్టే పట్టి ఉంచుతోంది. నిటారు గోడను నిలపడం కంటే ఇది కష్టమైన పని.

గోడ కడుపులో ఏముంటుంది

మధ్యయుగపు కోట గోడ చూడ్డానికి ఒకే రాతి దిమ్మలా ఉంటుంది. నిజానికి అది మూడు పొరలు. బయట ఒక వరుస చెక్కిన రాయి, లోపల ఒక వరుస, ఆ రెంటి మధ్య ముక్కరాళ్ళు, సున్నం, ఇసుక కలిపి పోసిన నింపు. గట్టిదనమంతా బయటి వరుసలది, బరువంతా నింపుది. కప్పు ఉన్నంతకాలం నింపు పొడిగా ఉంటుంది కాబట్టి మూడు పొరలూ ఒకటిగా పనిచేస్తాయి.

కప్పు పోయిన రోజు నుంచి కథ మారుతుంది. పోయేది చాలాసార్లు ముందు కప్పే, ఎందుకంటే దాని మీది సీసం రేకులకూ కలపకూ మంచి ధర వచ్చేది. అప్పటిదాకా ఇంటి లోపల ఉన్న గోడ నెత్తి ఆకాశానికి తెరుచుకుంటుంది. వాన నేరుగా నింపులోకి దిగి, సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించి కిందికి మోసుకుపోతుంది. గోడ అడుగున రాళ్ళ మీద తెల్లటి చారలు కనిపిస్తే అవి పైనుంచి దిగిన సున్నమే. కడుపులో సున్నం పోయాక మిగిలేది వదులు రాళ్ళు. అవి కిందికి కూర్చుంటూ పక్కలకు తోస్తాయి, బయటి వరుస ఉబ్బుతుంది. పొట్ట వచ్చిన గోడ అంటే అదే.

చలి దేశాల్లో దీనికి మంచు తోడవుతుంది. నీరు గడ్డ కట్టినప్పుడు సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది. వంద గ్లాసుల నీరు పట్టిన సందులో గడ్డకట్టాక నూటతొమ్మిది గ్లాసుల చోటు కావాలి. చోటు లేకపోతే రాయి జరగాలి, లేదా పగలాలి. రాత్రి గడ్డ కట్టి పగలు కరిగే వారాల్లో ఇది మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. ఎడతెగని చలికంటే సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఊగే చలి గోడకు ప్రమాదం. పైగా కొండ కొమ్మున ఉండడం వల్ల గాలివాన నాలుగు వైపుల నుంచీ కొడుతుంది. శత్రువు దూరం నుంచే కనబడాలని ఎంచుకున్న చోటు కదా, వానకూ అంతే బాగా అందుతుంది.

అందుకే పరిరక్షణలో పనిచేసేవాళ్ళు గోడ ఎదుటి భాగం కంటే ముందు నెత్తి చూస్తారు. పరంజా ఎక్కి, పై వరుస రాళ్ళను ఒక్కొక్కటీ చేత్తో కదిలించి చూస్తారు. కదిలినదాన్ని నంబరు వేసి తీసి, కింద కుళ్ళిన సున్నం గోకి, కొత్త సున్నంలో అదే చోట కూర్చోబెడతారు. సందర్శకులు మెచ్చుకునే పని కాదిది. కింది నుంచి చూస్తే కనపడదు కూడా.

సిమెంటుతో వచ్చిన చిక్కు

1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో యూరప్‌లో చాలా శిథిలాలకు దానితోనే మరమ్మతులు చేశారు. ఆ పని చేసినవాళ్ళను తప్పుపట్టడం న్యాయం కాదు. పడిపోబోతున్న గోడలను వాళ్ళు నిలబెట్టారు. సిమెంటు త్వరగా గట్టిపడుతుంది, చవక, అందరికీ చేతనవుతుంది. చిక్కు తర్వాత బయటపడింది.

సున్నం ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ చిక్కు అర్థమవుతుంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. గోడలో పెట్టాక గాలిలోంచి పోయిన వాయువునే మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అవుతుంది. వారాలు, నెలలు పడుతుంది, మందపు గోడ లోపలైతే ఇంకా ఎక్కువ. ఇలా గట్టిపడ్డ సున్నం రాయికంటే మెత్తగా ఉంటుంది, దాని సన్నటి రంధ్రాల్లోంచి తేమ బయటికి వస్తుంది. గోడ కొంచెం కదిలితే దర్జులో వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి, రాయి క్షేమంగా ఉంటుంది. అంటే ముందు పాడయ్యేది సున్నం. పాడైన సున్నాన్ని మార్చుకోవచ్చు.

దర్జులో సిమెంటు పెడితే ఇది తలకిందులవుతుంది. సిమెంటు గట్టిది, తేమను సరిగా వదలదు. లోపలి తడికి దర్జు మూసుకుపోయింది కాబట్టి రాయిలోంచే బయటికి వస్తుంది. వచ్చేటప్పుడు ఉప్పు తెస్తుంది. ఆ ఉప్పు రాయి పైపొర కింద పేరుకుని పెచ్చులు లేపుతుంది. కొన్ని దశాబ్దాలకు చూస్తే సిమెంటు గీతలు వలలా ముందుకు పొడుచుకుని ఉంటాయి, వాటి మధ్య రాళ్ళు లోపలికి అరిగిపోయి ఉంటాయి. కాపాడాల్సిన రాయి పోయింది, మార్చుకోగలిగిన దర్జు మిగిలింది. ఇప్పుడు పరిరక్షణకు పెడుతున్న డబ్బులో కొంత ఈ పాత సిమెంటును ఉలితో జాగ్రత్తగా తీయడానికే పోతోంది. కొన్నిచోట్ల అది రాయిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, తీస్తే రాయి కూడా ఊడొస్తుందని అలాగే వదిలేస్తున్నారు.

గోడ నెత్తిన గడ్డి

శిథిలాల మీద మొలిచిన మొక్కలను పీకేయాలన్నది చాలాకాలం ఎవరూ ప్రశ్నించని నియమం. చెట్టు విషయంలో అది ఇప్పటికీ సరైనదే. వేరు రాళ్ళను చీలుస్తుంది, గాలికి చెట్టు ఊగితే గోడ కూడా ఊగుతుంది. అయితే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థతో కలిసి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన పరీక్షలు మిగతా మొక్కల విషయంలో ఆలోచన మార్చాయి.

గోడ నెత్తిన సిమెంటు లేదా సున్నపు గచ్చు వేయడం పాత పద్ధతి. దానికి బదులు మట్టి పరిచి గడ్డి పెంచి చూశారు. ఎండకూ చలికీ గోడ వేడెక్కి చల్లబడడం తగ్గింది, మంచు దెబ్బ తగ్గింది. వాన నీటిలో చాలా భాగాన్ని మట్టి పట్టి ఉంచి ఆవిరిగా వదిలేసింది. గచ్చు పగిలితే ఆ పగులులోంచి నీళ్ళన్నీ ఒకేచోట దిగుతాయి. గడ్డికి పగలడం అనేది లేదు, అదే అల్లుకుంటుంది. గోడ మీదికి పాకే ఐవీ తీగ గురించి కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది. వేళ్ళు గోడలో దిగకుండా నేలలోంచి పాకితే, ఆ ఆకుల తెర ఎండనూ మంచునూ వాహనాల పొగనూ ఆపుతుంది. గోడ సందుల్లోనే వేళ్ళూనితే మాత్రం కీడు చేస్తుంది.

అన్ని గోడలకూ ఇది మందు కాదు. సన్నటి గోడ నెత్తిన మట్టి నిలవదు, ఎండ ఎక్కువ ఉన్నచోట గడ్డి బతకదు. అయినా ఒక తరం పాటు మేస్త్రీలు శ్రద్ధగా పీకిన గడ్డినే ఇప్పుడు అంతే శ్రద్ధగా నాటడం చూస్తే, ఈ రంగంలో ఎవరికైనా తమ జవాబే చివరిదని చెప్పే ధైర్యం ఎందుకు ఉండదో తెలుస్తుంది.

ఒకే దేశపు పాలనలో రెండు కోటలు, రెండు జవాబులు

కట్టాలా వద్దా అన్న వాదన పాతదే. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో వియోలె-ల్యూ-డ్యూక్ అనే వాస్తుశిల్పి ఒక నిర్వచనం ఇచ్చాడు: పునరుద్ధరించడమంటే కట్టడాన్ని సంపూర్ణ స్థితికి తేవడం, ఆ స్థితి గతంలో ఎన్నడూ ఉండి ఉండకపోవచ్చు. పియెర్‌ఫోన్ కోట శిథిలాల మీద ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ కోసం ఆయన లేపిన భవనం ఆ మాటకు రుజువు. ఇంగ్లండ్‌లో కళా విమర్శకుడు జాన్ రస్కిన్ దీనికి పూర్తిగా ఎదురు తిరిగాడు. పాత రాయి మీద పడ్డ కాలపు గుర్తును ఎవరూ తిరిగి చేయలేరనీ, పునరుద్ధరణ మొదటినుంచీ చివరిదాకా అబద్ధమనీ ఆయన వాదన. ఆ దారిలోనే విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. అది ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈ రెండు వాదాలూ 1900 ప్రాంతంలో జర్మన్ సామ్రాజ్యంలో రెండు కోటల మీద నేరుగా తలపడ్డాయి.

హైడెల్‌బర్గ్ కోట కొండవాలు మీద ఎర్ర ఇసుకరాతితో కట్టింది. 1689లో, 1693లో ఫ్రెంచ్ సైన్యం దాన్ని తగలబెట్టి పేల్చింది. 1764లో పిడుగు పడి మిగిలింది కాలింది. ఫ్రెంచివాళ్ళ పేలుడుకు మందుగుండు బురుజు నిలువునా చీలి, ఆరు మీటర్లకు పైగా మందమున్న గోడ ముక్క ఒకటే దిమ్మగా కందకంలో పడింది. ఈనాటికీ అక్కడే ఆనుకుని ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కోటలో ఒక భవనాన్ని పునరుద్ధరించాక, రెండోదానికీ కప్పు వేసేద్దామన్నారు. ఆ కప్పు ఎలా ఉండేదో ఖాయంగా తెలియదు. అప్పుడు కళాచరిత్రకారుడు గేయోర్గ్ డేహియో 1901లో అడ్డం పడ్డాడు. పరిరక్షించండి, పునరుద్ధరించకండి అన్నది ఆయన మాట. రెండో భవనం ఈనాటికీ కప్పు లేకుండానే ఉంది. పైవరుస కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది.

అదే కాలంలో, అప్పుడు జర్మనీ చేతిలో ఉన్న అల్సాస్‌లో ఓ-కోనిగ్స్‌బూర్ కోట కథ ఇంకోలా నడిచింది. సముద్రమట్టానికి 757 మీటర్ల ఎత్తున, మైదానమంతా కనిపించే కొమ్ము మీద ఉంటుంది. 1147 నాటికే దాని ప్రస్తావన ఉంది. 1633లో స్వీడన్ సైన్యం ముట్టడించి తగలబెట్టాక రెండున్నర శతాబ్దాలు అడవి కప్పేసింది. 1899లో సెలెస్టా పట్టణం దాన్ని చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌కు బహూకరించింది. బోడో ఎబ్‌హార్ట్ అనే వాస్తుశిల్పి 1900 నుంచి 1908 దాకా పదిహేనో శతాబ్దపు రూపంలో కోటంతా తిరిగి లేపాడు.

దీన్ని గర్వం కోసం కట్టిన బొమ్మ అని కొట్టిపారేయడం తేలిక. చక్రవర్తి ఉద్దేశం రాజకీయమే. అల్సాస్ ఎప్పుడూ జర్మన్ నేలే అని రాతితో చెప్పాలనుకున్నాడు. కానీ ఎబ్‌హార్ట్ పని తీరు అంత తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కట్టడానికి ముందు శిథిలాన్ని తవ్వించాడు, కొలిపించాడు, ఫొటోలు తీయించాడు, కొత్తగా చెక్కిన రాళ్ళ మీద గుర్తులు వేయించాడు. నడి బురుజు ఎత్తు గురించీ ఆకారం గురించీ అప్పుడే గొడవలయ్యాయి. ఇప్పుడు ఏటా లక్షల మంది అక్కడికి వెళ్తారు, పిల్లలకు మధ్యయుగం అంటే ఆ కోటే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అల్సాస్ ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చాక ఆ జర్మన్ చక్రవర్తి కోటను ఫ్రెంచివాళ్ళు కూల్చలేదు, కాపాడుకున్నారు. 1908 పని కూడా ఇప్పుడు చరిత్రలో భాగమైంది.

ఊహ మొదలైన చోట ఆగాలి

1964లో వెనిస్‌లో జరిగిన వాస్తుశిల్పుల సమావేశం ఒక ఒడంబడిక రాసింది. వెనిస్ చార్టర్ అంటారు. అది చట్టం కాదు, కానీ చాలా దేశాల చట్టాలకు మాతృక అయింది. మన విషయానికి అందులో మూడు మాటలు ముఖ్యం. ఊహ ఎక్కడ మొదలవుతుందో అక్కడ పునరుద్ధరణ ఆగిపోవాలి. కొత్తగా చేర్చింది మొత్తంలో ఒదగాలి, కానీ పాతదానికి వేరుగా తెలియాలి. తవ్వకాల్లో బయటపడిన శిథిలాల్లో పడిన రాళ్ళను తిరిగి పేర్చడం వరకే, కొత్తగా కట్టడం వద్దు.

రెండో మాటలో ఒక మెలిక ఉంది. ఒదగాలి, వేరుగానూ తెలియాలి. ఎంత ఒదగాలి, ఎంత వేరుగా ఉండాలి అన్నది చార్టర్ చెప్పదు. ఒకరు కొత్త రాయిని పాత గోడ ముఖంకంటే రెండు వేళ్ళ మందం లోపలికి పెట్టి తేడా చూపిస్తారు. ఇంకొకరు కొత్త, పాత రాళ్ళ మధ్య పల్చటి పెంకుల వరుస వేస్తారు. దూరం నుంచి ఒకటే గోడ, దగ్గరికెళ్తే రెండు. మత్రేరాలో దూరం నుంచే రెండుగా కనిపించేలా చేశారు.

ఇప్పుడు ఆ తెల్లగోడ దగ్గరికి తిరిగి వద్దాం. స్పెయిన్ 1985 వారసత్వ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, పాతదాన్ని అనుకరిస్తూ కట్టి జనాన్ని తికమక పెట్టకూడదంది. నిలకడ కోసం కొత్త పదార్థం చేర్చక తప్పకపోతే అది కొత్తదని తెలియాలి. మత్రేరా బురుజు నిలవాలంటే పోయిన మూలలు పూడ్చక తప్పదు, అదే రాయితో పూడిస్తే నకలు అవుతుంది. కాబట్టి బురుజు పాత ఆకారం వరకే నున్నటి గోడ లేపి, మీద సున్నపు పూత పూశారు. పాత బురుజుకు ఒకప్పుడు పూత ఉండేదని దాని ఆనవాళ్ళను బట్టి చెప్పారు.

వ్యతిరేకించినవాళ్ళ వాదనలోనూ బలముంది. కొత్తది వేరుగా తెలియడం ఒకటి, కంటికి ముందు అదే కనపడడం ఇంకొకటి. తరతరాలుగా ఆ కొండను చూస్తూ బతికినవాళ్ళకు ఆ విరిగిన గీతే కోట. వాళ్ళకు అది ఒక్కరోజులో పోయింది. నాకనిపించేది, ఇక్కడ గోడ లేపడం తప్పు కాదు, అది లేకపోతే మిగిలిన రాళ్ళు కూడా వాలు కింద ఉండేవి. పూత అంత తెల్లగా, అంచులు అంత పదునుగా ఉండడం దగ్గరే నా మనసు ఒప్పదు. అయితే సున్నపు పూత వానకూ నాచుకూ రంగు మారుతుంది. దాన్ని చూడాల్సింది కట్టిన ఏడాది ఫొటోలో కాదేమో.

నడిచి వెళ్ళేంత దూరంలో ఇద్దరు కవలలు

దక్షిణ పోలాండ్‌లో సున్నపురాతి గుట్టల మీద బొబోలిత్సె, మిరూఫ్ అనే రెండు కోటలున్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళొచ్చు. రెండూ పద్నాలుగో శతాబ్దంలో రాజు మూడో కజిమీర్ కాలం నాటి సరిహద్దు కోటల వరుసలోవి, పదిహేడో శతాబ్దంలో స్వీడన్ దండయాత్రలో రెండూ దెబ్బతిన్నాయి. 1999 తర్వాత బొబోలిత్సెను దాని సొంతదారు కుటుంబం తిరిగి కట్టించింది, 2011లో తెరిచారు. మిరూఫ్ శిథిలంగానే ఉంది, దాన్ని గట్టిపరిచే పని మాత్రమే చేపట్టారు.

పరిరక్షణ నిపుణుల్లో చాలామందికి బొబోలిత్సె మింగుడు పడలేదు. గోడలు ఎంత ఎత్తుండేవో, కప్పు ఎలా ఉండేదో చెప్పడానికి తగినన్ని ఆధారాల్లేవంటారు. కొత్త గోడ పాత గోడను కప్పేసింది కాబట్టి ముందుముందు ఎవరైనా పరిశోధించాలన్నా దారి మూసుకుపోయిందంటారు. చరిత్రకారుడికి ఇది నిజంగా పెద్ద నష్టం. కట్టడాన్ని సమర్థించేవాళ్ళు ఇంకో లెక్క చెబుతారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ రాళ్ళను రోడ్డు వేయడానికి కూడా మోసుకుపోయారు. ఎవరూ పట్టించుకోకపోతే ఇంకో యాభై ఏళ్ళకు గుట్ట మాత్రమే మిగిలేది. జనం వస్తేనే డబ్బు వస్తుంది, డబ్బు వస్తేనే గోడకు కాపలా ఉంటుంది.

నిండు కోటను చూడాలన్న కోరిక తప్పేమీ కాదు. ఆ కోరిక తీర్చడానికి శిథిలాన్ని ముట్టుకోనక్కర్లేని దారి ఒకటి ఫ్రాన్స్‌లో ఉంది. బర్గండీలోని గెడెలాన్‌లో 1997 నుంచి ఖాళీ నేల మీద పదమూడో శతాబ్దపు పనిముట్లతో, పద్ధతులతో కొత్త కోట కడుతున్నారు. రాయి అక్కడే తవ్వుతారు, సున్నం అక్కడే కలుపుతారు, మనిషి లోపల నడిస్తే తిరిగే పెద్ద చక్రంతో రాళ్ళు పైకెత్తుతారు. అక్కడ నేర్చుకున్న చేతిపని తర్వాత పారిస్‌లోని నోత్రదామ్ చర్చికి కాలిపోయిన కప్పు తిరిగి కట్టేటప్పుడు కూడా పనికొచ్చింది.

కొండే కదిలితే

ఇంతదాకా గోడ గురించే మాట్లాడాం. కొండకోట విషయంలో గోడ కింద ఇంకో సమస్య ఉంటుంది.

తూర్పు స్లొవాకియాలో స్పిష్ కోట ఉంది. నాలుగు హెక్టార్ల విస్తీర్ణం, మధ్య యూరప్‌లో అతి పెద్ద కోటల్లో ఒకటి. పన్నెండో శతాబ్దంలో మొదలై 1241 తాతారు (మంగోలు) దాడిని తట్టుకుంది. 1780లో అగ్నిప్రమాదంలో కాలి శిథిలమైంది. 1993లో యునెస్కో జాబితాలో చేరింది. అది నిలబడ్డది ట్రావర్టీన్ రాతి మీద, అంటే ఊటల నీటిలోని సున్నం పేరుకుని ఏర్పడిన రాయి. గట్టిదే, కానీ పెళుసు. దాని అడుగున మెత్తటి బంకరాయి పొరలున్నాయి. నీరు చేరితే ఆ మెత్తటి పొర నలుగుతుంది, పైన ట్రావర్టీన్ పెద్ద దిమ్మలుగా విడిపోయి ఒక్కోటి ఒక్కో వైపు ఒరుగుతుంది. కోట గోడ ఒకే దిమ్మ మీద ఉంటే ఇబ్బంది లేదు. రెండు దిమ్మల మీదుగా పోతే, కింది పగులే పైకి వచ్చి గోడలో బీట అవుతుంది. దాంట్లో ఎంత సున్నం నింపినా మళ్ళీ విచ్చుకుంటుంది.

అందుకే అక్కడ బీటను పూడ్చే ముందు కొలుస్తారు. పగులుకు అటొకటి ఇటొకటి కడ్డీలు బిగించి, వాటి కొసల్లో సన్నటి గీతలు చెక్కిన రెండు గాజు పలకలను ఒకదాని మీద ఒకటి వచ్చేలా అమర్చే పరికరం ఒకటుంది. టీఎం-71 అంటారు, చెకొస్లొవాకియాలో రూపొందింది. పలకలు కొంచెం జరిగితే గీతల మీద గీతలు పడి అలల్లాంటి నమూనా మారుతుంది. మిల్లీమీటరులో వందో వంతుకు దగ్గరి కదలిక కూడా తెలుస్తుంది. కరెంటు అక్కర్లేదు, తుప్పు పట్టే భాగాలు తక్కువ, దశాబ్దాలు పనిచేస్తుంది. ఎవరో ఒకరు ఆ బీటలోకి వంగి, పలక మీద అలలు లెక్కపెట్టి, తేదీ వేసి రాసుకుంటారు. తర్వాతిసారి వచ్చి మళ్ళీ లెక్కపెడతారు.